అరుగు మీది రాళ్ళు

దివిసీమలో ఎంత లోతు తవ్వినా మట్టీ, ఇసకా, ఉప్పునీళ్ళే గానీ రాయన్నది తగలదు. అందుకేనేమో, నాగాయలంక వెంకటరత్నమ్మకి రాళ్ళంటే అంత పిచ్చి. యాత్రల బస్సెక్కితే తోటి ఆడవాళ్ళు గాజులూ కుంకుమా కొనుక్కుంటారు కదా, ఈవిడ మాత్రం ఘాట్ రోడ్డు మీద బస్సు ఆగిన చోటల్లా దిగి, ఓ రాయి ఏరి కొంగున కట్టుకునేది. మొగుడు పోయి పుట్టింటికి చేరినప్పుడు కూడా బట్టల మూటతో పాటు రాళ్ళ గోతం ఒకటి వెంట వచ్చింది.

తమ్ముడు అంకమ్మరావుకి రొయ్యల చెరువులున్నాయి. కూతురు పూర్ణిమని చూడ్డానికి బందరు నుంచి పెళ్ళివారు వస్తున్నారని అరుగుకి కొత్త టైల్స్ వేయించాడు. అక్క అరుగు మీద పేర్చుకున్న రాళ్ళు అందుకోసం మళ్ళీ గోతంలోకెక్కాయి.

"అక్కా, వాళ్ళొచ్చేసరికి ఆ మట్టిరాళ్ళు మెరవాలి. లేదా చెరువు గట్టులో పోయించేస్తా."

"కడుగుతాలేరా. కాకపోతే నా పద్ధతిలో."

ఆవిడ పద్ధతి ఏంటంటే, గట్టిరాయిని సబ్బునీళ్ళలో నానబెట్టి పాత పళ్ళబ్రష్‌తో మెల్లగా తోముతుంది. గోరుతో గీస్తే రాలే మెత్తరాయికి నీళ్ళే తగలనివ్వదు, దులిపి ఊరుకుంటుంది. మట్టి గట్టిగా పట్టినదాన్ని పొడిగా గీకదు, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుందని తడిపి గీకుతుంది. ఆరబెట్టడం నీడనే.

"అలా కడిగితే పూర్ణిమ మనవల పెళ్ళికి అవుతుంది," అన్నాడు అంకమ్మరావు. ఆవిడ స్నానానికి వెళ్ళడం చూసి, పెరట్లో ఉన్న ప్లాస్టిక్ బకెట్లో కొన్ని రాళ్ళు కుమ్మరించి, బాత్‌రూమ్ ఆసిడ్ సీసా మూత తీసి ఒంపాడు. చెరువుల్లో చల్లే బ్లీచింగ్ కలిపేది ఆ బకెట్లోనే. అడుగున తెల్లగా మిగిలిందాన్ని అతను చూసుకోలేదు.

బుస్సుమని పచ్చటి పొగ లేచింది. అంకమ్మరావు గొంతు పట్టుకుని దగ్గుతుంటే, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన పెళ్ళాం సుమతికీ ఊపిరాడలేదు. తడి తలతో బయటికొచ్చిన వెంకటరత్నమ్మ బకెట్ వంక కూడా చూడకుండా, ఇద్దర్నీ రెక్కలు పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

"పారబోసొస్తానే," అంటూ వెనక్కి తిరిగాడు తమ్ముడు.

చొక్కా పట్టుకుని ఆపింది. "నోరు మూసుకుని గాలికి ఎదురుగా నిలబడు. బ్లీచింగ్‌లో ఆసిడ్ కలపొద్దని చెరువు కాడ పనోళ్ళకి రోజూ అరిచి చెప్పేది నువ్వే కదరా."

సముద్రపు గాలి పొగని పూర్తిగా తీసుకుపోయాక దూరం నుంచి పైపుతో బకెట్లోకి నీళ్ళు కొట్టించింది. అందులో తెల్లరాయి ఒకటి, గాజులా వెలుగు అవతలికి కనబడేది, చప్పరించిన పటికబెల్లంలా కరిగి మొద్దుబారిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, కొంగున కట్టుకుంది. మిగతావన్నీ గోతంలోంచి తీసుకొచ్చి కొత్త టైల్స్ మీద పరిచి, బేసిన్ ముందేసుకుని కూర్చుంది.

అంతలో వీధి మలుపులో కారు హారన్.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, అవి తీసుకుని లోపలికి పో," అన్నాడు ఎర్రబడ్డ కళ్ళతో.

"నాన్న కట్టిన అరుగురా ఇది. నీకెంతో నాకూ అంతే. లేవను."

"పరువు పోతుందే."

"రాళ్ళు కడుక్కుంటే పోయేదైతే పోనీ. ఒకదాన్ని తినేశావు, ఇంకోదాని మీద చెయ్యెయ్యి చూద్దాం."

కారు ఆగింది. పెళ్ళికొడుకు తల్లి మెట్టెక్కబోయి, రాళ్ళని చూసి ఆగిపోయింది. "ఇవన్నీ ఏంటండీ?"

"రండమ్మా. అంకమ్మరావు అక్కనండి నేను. ఇవి నా రాళ్ళు."

"ఏం చేస్తారండీ వీటితో?"

"ఏమీ చెయ్యనండి. చూసుకుంటాను, అంతే. కాస్త పక్కనుంచి రండి, తడిగా ఉంది, జారుతుంది."

పెళ్ళికొడుకు తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కనుంచే వచ్చింది. అంకమ్మరావు ఖాళీ గోతం చేతిలో పట్టుకుని అక్క వంక చూశాడు. వెంకటరత్నమ్మ తలెత్తలేదు, బ్రష్ ఆపలేదు. గోతాన్ని గోడవారన పడేసి అతను లోపలికెళ్ళి కుర్చీలు తెచ్చాడు. రాళ్ళు వదిలిన చోటు చూసుకుని, ఇరుకిరుగ్గా వేశాడు.