మూడు పరుగుల దూరంలో గంట

రెపెకాకి ఆ కప్పు కావాలి. ప్రార్థన చేసుకునే మనిషికి అంత ఆశేమిటని ఎవరైనా అడిగితే, ప్రార్థన చేసుకునేవాళ్ళు బ్యాటు పట్టుకోకూడదని ఎక్కడుందో చూపించమనే రకం ఆవిడ. ఆడవాళ్ళ కిరికిటి పోటీలో, అంటే తమ దీవుల క్రికెట్‌లో, కొండవైపు ఊరివాళ్ళు ఏటేటా కప్పు ఎత్తుకుపోతూనే ఉన్నారు. ఈ ఏడు మాత్రం ఫైనల్ సముద్రపొడ్డున తమ ఊళ్ళోనే. ఆఖరి జోడీ మిగిలింది. గెలవడానికి మూడు పరుగులు కావాలి. బ్యాటు రెపెకా చేతిలోనే ఉంది.

చిక్కల్లా పొద్దుతోనే. తప్పు కూడా తమదే. వచ్చిన జట్టుకి కడుపునిండా పెట్టకుండా ఆట మొదలుపెడితే సమోవాలో తలెత్తుకు తిరగగలరా? పంది మాంసం, చేమగడ్డలు, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకులు, ఆపైన పెద్దల స్వాగత ప్రసంగాలు, వాటికి అవతలివాళ్ళ జవాబు ప్రసంగాలు. అందరూ చేతులు కడుక్కునేసరికే నీడలు బారెడు సాగాయి.

సూర్యుడు సముద్రంలోని పగడపు దిబ్బల మీది నురుగుని తాకాడంటే సాయంత్రపు ప్రార్థన గంట మోగాలి. గంటంటే సీమపనస కొమ్మకి వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండరు. దాన్ని ఇనపకడ్డీతో కొడితే ఊరంతా వినబడుతుంది. వినబడ్డాక దారిన పోయేవాడు దారి దిగి కూర్చోవాలి, ప్రతి ఇంట్లో పాట, వాక్యం, ప్రార్థన జరగాలి. మొగుడు పోయాక ఆ కడ్డీని ఊరి పెద్దలు రెపెకా చేతికిచ్చారు. ఆ గంట ఒక్కనాడూ ఆలస్యం కాలేదని ఆవిడకి గొప్ప గర్వం.

ఆ గంటకి ఈమధ్య ఒక పోటీదారు వచ్చిపడింది, ఫోను. మేనకోడలు వాయోలా ప్రార్థనకి పిలిచినప్పుడల్లా "రెండు నిమిషాలత్తా" అంటుంది, పాట అయిపోయాక నెమ్మదిగా వస్తుంది. "దేవుడేమైనా మీ కాలేజీ బస్సు డ్రైవరా, నువ్వొచ్చేదాకా ఆగడానికి?" అని ఏడాది పొడుగునా రెపెకా దాన్ని దులిపేస్తూనే ఉంది. ఇవాళ కూడా ఆ పిల్ల గీత పక్కన నిలబడి, ఆక్లండ్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోనులో ఆట చూపిస్తోంది.

"అత్తా, అందరూ చూస్తున్నారు. గంట సంగతి తర్వాత, ముందు కొట్టమంటున్నారు."

బంతి వెయ్యడానికి అవతలి కెప్టెన్ ఎపెనేసా సిద్ధమైంది. "ఏం వదినా, చెయ్యి వణుకుతోంది? మధ్యాహ్నం తినలేదా?"

"పందంతా నువ్వే లాగించావు, నాకేం మిగిల్చావని?"

అందరూ నవ్వారు. రెపెకా నవ్వుతూనే పడమటికి చూసింది. సూర్యుడు నురుగుని తాకాడు.

జట్టులో ప్రతి ఒక్కరూ అది చూశారు, చూసి చూపు తిప్పేసుకున్నారు.  రెండు నిమిషాలాగితే ఏం పోతుందిలే అని రెపెకాకీ అనిపించింది. అనిపించగానే తనమీద తనకే ఒళ్ళు మండింది. వాయోలాని ఏ మాటకి ఏడాదంతా తిట్టిందో ఆ మాటే తన మనసులోకీ వచ్చి కూర్చుంది. ఆ పిల్లకి ఫోను ఎంత ముద్దో తనకీ కప్పు అంతే ముద్దు, ఏమీ తేడా లేదు.

బ్యాటు కింద పెట్టింది.

"ఆట మధ్యలో గీత దాటావంటే ఔటే వదినా," అంది ఎపెనేసా. ఈసారి వేళాకోళం కాదు. "పొద్దున అనుకున్నాం కదా."

"తెలుసు. ఔటే."

వెనక నుంచి సొంత జట్టు గోల చేసింది. "అక్కా, ఒక్క బంతి!" అని ఎవరో అరిచారు. రెపెకా ఆగలేదు. సిలిండరు మీద ఎప్పటిలాగే గట్టిగా కొట్టింది. ఊరు ఊరంతా సద్దుమణిగింది.

రెండు జట్లూ గడ్డిమీదే కూర్చున్నాయి. వాయోలా ఫోను ఆపేసి, మొహం ముడుచుకుని వచ్చి కూర్చుంది. పాట అయ్యాక ప్రార్థన చెయ్యమని రెపెకానే అడిగారు.

"ప్రభువా," అంది ఆవిడ, "ఒళ్ళైతే ఇక్కడ కూర్చుంది గానీ, నా మనసింకా ఆ క్రీజులోనే ఉంది. దాన్ని కూడా లాక్కొచ్చి ఇక్కడ కూర్చోబెట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. చాలామంది ఆమెన్ అన్నారు.

ప్రార్థన ముగిశాక ఎపెనేసా లేచి వచ్చింది. "ఇలా గెలిస్తే నాకు తిన్నది అరగదు వదినా. రేపు ఆదివారం, ఎలాగూ ఆడం. సోమవారం వస్తాం. మూడు పరుగుల దగ్గరే మొదలెడదాం, నువ్వే బ్యాటు పట్టు."

జట్టుకి ప్రాణం లేచొచ్చింది. రెపెకా గుండె కూడా ఒక్కసారి ఎగిరింది. కానీ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. కప్పు మీదే. పట్టుకెళ్ళండి."

ఇక తిట్లకి కొదవ లేదు. మొండిది అన్నారు, తన పుణ్యం కోసం ఊరి కప్పు పోగొట్టింది అన్నారు. రెపెకా కప్పు ఎత్తుకుని కొండవైపు వాళ్ళ లారీకేసి నడిచింది. వెనకే వాయోలా వచ్చింది.

"బాధగా లేదా అత్తా?"

"ఎందుకుండదే? రాత్రి ఏడుస్తానేమో కూడా."

"మరి సోమవారం ఆడదామంటే ఎందుకు వద్దన్నావు? అది తప్పు కాదుగా."

"తప్పు కాదు. కానీ ఇవాళ దేవుడికి నాకు బాగా కావలసిందే ఇచ్చాను. శనివారం ఇచ్చి సోమవారం వెనక్కి పుచ్చుకుంటే, అది ఇచ్చినట్టా, దాచమన్నట్టా?"

 వాయోలా పక్కనే నడుస్తూ, కప్పు రెండో చెవి తను పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని లారీ దాకా మోశారు.