పోపు డబ్బాలో కట్టెపొట్టు

ఒక్క నిమిషం ఆగండి. పొయ్యి మీద పాలుంటే దించేసి వచ్చి కూర్చోండి, మొదలుపెట్టాక నేను మధ్యలో ఆగలేను. మా అత్తమ్మ చంద్రకళ గురించి చెప్పాలి మీకు.

మాది మిర్యాలగూడలో తలుపులూ, గుమ్మానికి నిలబెట్టే దర్వాజలూ చేసే షెడ్డు. మాది అంటే మామయ్య సుదర్శన్‌ది, మా ఆయన శ్రీహరిది. నేను హైదరాబాద్‌లో ప్రొడక్షన్ ఇంజనీరింగ్ చదివి, ఫ్యాక్టరీలో వృథా ఎలా తగ్గించాలో, సరుకు నాణ్యత ఎలా పెంచాలో నాలుగేళ్లు బట్టీపట్టి, పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి చేస్తున్న పని ఏమిటంటే తలుపుల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టడం. "నీకు ఇంగ్లీషొస్తది గద సింధూ, జర ఫోటోలు పెట్టు, సాలు" అన్నాడు శ్రీహరి ఎంతో ప్రేమగా. మిషన్ల వరస మార్చుదామని ఒకసారి కాగితం మీద గీసి చూపిస్తే, మామయ్య దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

అత్తమ్మ పని ఇంకోటి. రోజూ పొద్దున షెడ్డంతా ఊడ్చి, రంపం కింద పడ్డ పొట్టు గంపకెత్తి, పెరట్లో పొట్టుపొయ్యిలో కూరి, ఇంటిల్లిపాదికీ స్నానానికి నీళ్లు కాచడం. ముప్పై ఏళ్లుగా. ఒకరోజు ఆ పొయ్యి దగ్గర నేను పొగకి దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ, ఇవాళ ఇంత పొగేంటత్తమ్మా అన్నాను.

"నిన్న కోసినయి పచ్చి కట్టెలు బిడ్డా. గా తలుపులు వానలు పడంగనే ఉబ్బుతయి సూడు."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు దగ్గు ఆగిపోయింది.

"ఈ మాట మామయ్యకు చెప్పారా?"

"చెప్పకేం. కట్టెను పొయ్యిల పెట్టుడు దెలిస్తే సాలు నీకు, అంటడు."

ఇప్పుడు మీకు అసలు సంగతి చెప్పాలి. కోదాడలో ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది, పోయిన వానాకాలం అక్కడ మా తలుపులు నాలుగు బిగుసుకుపోయాయి. ఒక గదిలో పిల్లలు కిటికీ లోంచి బయటికొచ్చారట. మావాళ్లు మూడుసార్లు వెళ్లి చిత్రిక పట్టి వచ్చారు. ఆ హాస్టల్‌కే కొత్త బిల్డింగ్ కడుతూ ముప్పై తలుపులు మళ్లీ మాకే చెప్పారు, ఒకే ఒక్క షరతు మీద. వార్డెన్ గ్రేస్ గారు ఫోన్లో ఎంత మర్యాదగా బెదిరించారంటే, "చూడండమ్మా, ఈసారి ఒక్క తలుపు బిగుసుకున్నా మీ షెడ్డు పేరు నా నోట రాదండి. అడిగినవాళ్లకి మాత్రం ఎందుకు రాదో చెప్తాను." ఆ ముప్పై తలుపులకే అంతకుముందు రోజు రంపం మొదలైంది. అత్తమ్మ పొయ్యి పొగలు కక్కింది ఆ కట్టెకే.

నేను కట్టెలో తేమ చూపించే మీటరు తెప్పించాను. రెండు సూదులుంటాయి, కట్టెకి గుచ్చితే అంకె చూపిస్తుంది. పన్నెండూ పదమూడూ వస్తే తలుపుకి పనికొస్తుంది, ఇరవై దాటితే ఆరాలి. షెడ్డులో ఏడు పలకలు తీయించి, ఒక్కోదాన్నీ చివర జానెడు వదిలి కోయించి, ఆ పొట్టు వంటింటి పోపు డబ్బా గిన్నెల్లో పోశాను. ఆవాలూ జీలకర్రా పేపర్ మీదికి పోయాయి, పోనీ. పనివాళ్లు నవ్వారు. మామయ్య కుర్చీలోంచే, "పోపు వెయ్యున్రి, తలుపులకు మంచి వాసనొస్తది" అన్నాడు.

అత్తమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది, అరచేతిలో పోసి ఊదింది. "ఇది పచ్చి. ఇది ఎండింది. ఇది ఇంకో నెల ఆగాలె." ఆమె చెప్పడం, నేను ఆ పలక మీద మీటరు గుచ్చడం. ఆరింటికి ఆరూ సరిపోయాయి. నాకు గంతులెయ్యాలనిపించింది. ఏడోది అత్తమ్మ పచ్చి అంది, మీటరు పదమూడు చూపించింది.

"అయిపాయె" అన్నాడు మామయ్య హాయిగా. "మిషిన్ అబద్ధమాడతదా?"

అత్తమ్మ తల వంచుకోలేదు. మొదటిసారి చూశాను ఆమెను అలా. "మీది మీద గుచ్చితే మీదిదే చెప్తది. నడుమకు కొయ్యున్రి."

కోశారు. కోసిన ముఖానికి సూదులు గుచ్చాను. ఇరవై రెండు. పైపైన ఎండిన పలక లోపల తడితడిగా ఉంది. మామయ్య ఆ అంకెను చూసి, అత్తమ్మను చూసి, తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, నా నాలుగేళ్ల చదువు ఎక్కడిదాకా వెళ్తుందో అంతకంటే వేలెడు లోతుకి ఈవిడ రోజూ పొద్దున్నే చీపురుతో వెళ్లి వస్తోందని.

ఆ తర్వాత పని ఉరికింది. పచ్చి పలకల మధ్య సన్న పట్టీలు పెట్టి, గాలాడేలా నీడన పేర్చాం. ఏది ఎప్పుడు పేర్చామో సుద్దతో రాశాం. టీ గ్లాసు కింద మడిచిన కాగితాన్ని శ్రీహరే విప్పి మిషన్ల వరస మార్చాడు, పలకల్ని అటూ ఇటూ మోసే పని సగం తగ్గింది. రెండు నెలలు గడువు కావాలని నేనే గ్రేస్ గారిని అడిగాను. వానలు దంచి కొట్టిన ఒక ఆదివారం అత్తమ్మ, శ్రీహరి, నేను కోదాడ వెళ్లాం. పిల్లలు ఆ తలుపుల్ని చిటికెన వేలితో తెరిచి, వేసి, మళ్లీ తెరిచి నవ్వుతున్నారు. ముప్పైకి ముప్పై.

"ఇంత బాగా ఎవరు చూశారండీ కట్టె?" అన్నారు గ్రేస్ గారు.

"మా మేడమండి, బీటెక్" అని శ్రీహరి నన్ను చూపించాడు.

నేను నవ్వాను. అవును, నవ్వి ఊరుకున్నాను, ఎందుకంటే ఆ మాట ఎంత బాగుందో. ఏడాది నుంచి ఎదురుచూసిన మాట. పక్కన అత్తమ్మ కూడా నవ్వుతోంది, అలవాటైన నవ్వు. దారంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది, నా మీదే. మామయ్య ముప్పై ఏళ్లు చేసిన పనిని నేను అర నిమిషంలో చేసేశాను.

ఇంటికి రాగానే తలుపులకి అంటించే చీటీ కొట్టించాను. కట్టె పరీక్షించినవారు: చంద్రకళ. ఆమె నీలం సుద్ద గీత పడనిదే ఏ కట్టే షెడ్డు దాటకూడదన్నాను. మామయ్య గొణిగి ఒప్పుకున్నాడు. అత్తమ్మ ఆ చీటీ ఒకటి తీసుకుని దేవుడి పటాల పక్కన అంటించింది.

ఇక వినండి, ఇది నిన్నటి మాట. సూర్యాపేటలో మా అమ్మ ఇల్లు కట్టుకుంటోంది. గురువారం దర్వాజ నిలబెట్టే ముహూర్తం. మామయ్య వియ్యపురాలి కోసం తానే ఏరి చేయించిన దర్వాజ, చూస్తే కళ్లు తిప్పుకోలేం. అత్తమ్మ అడుగుకట్టె కోసిన పొట్టు నలిపి చూసి, గీత పెట్టకుండానే సుద్ద కొంగున ముడేసుకుంది.

"మీ అమ్మోళ్లదే గద, ఒక్కపారికి పంపుదం" అన్నాడు శ్రీహరి.

"నువ్వు జెప్తే ఇంటది బిడ్డా" అన్నాడు మామయ్య మెల్లగా.

అత్తమ్మ నా వైపు చూస్తూ నిలబడింది, అంతే. అంతలో అమ్మ ఫోన్. "పూలు జెప్పిన, మీ మేనత్తలను పిల్చిన, దర్వాజ బయల్దేరిందా? ఈ గురువారం దాటితే మూఢం, మళ్ల రెండు నెల్లదాంక ముహూర్తం లేదంటుండు పంతులు."

"రెండు నెలలు ఆగు అమ్మా" అన్నాను. "అత్తమ్మ ఇంకా సరే అనలేదు."

అమ్మ ఫోన్ పెట్టేసింది, ఇప్పటిదాకా ఎత్తడం లేదు. అత్తమ్మ మాత్రం కూనిరాగం తీస్తూ ఆ దర్వాజను నీడకి జరిపిస్తోంది, నాకేమో నవ్వాగడం లేదు. నిజం చెప్పండి, నా చోట మీరుంటే అమ్మకి ఏం చెప్పేవారు?