మారమ్మ అండా, గోవిందరాజ్ తీగ

తుంబలహళ్లిలో మారమ్మ ఇంటి పెరట్లో, నీళ్లు కాచుకునే పొయ్యి మీద ఒక రాగి అండా ఉంది. పండగలకు చింతపండు వేసి తోమేటప్పుడు తప్ప నలభై ఏళ్లుగా అది ఆ పొయ్యి దిగలేదు. దానికి ఒక పక్క చిన్న సొట్ట ఉంది. ఆ సొట్ట సంగతి ఎవరైనా అడిగితే చాలు, మారమ్మ చేతిలో పని పక్కన పెట్టేస్తుంది. పెళ్లయి తొప్పూరు నుంచి ఎద్దుల బండిలో వస్తుంటే, ఘాటు ఎక్కేచోట బండి ఒరిగింది. పుట్టింటివాళ్లు ఇచ్చిన అండా దొర్లుకుంటూ కిందికి పోయింది. పెళ్లికొడుకు పక్కనున్న పెళ్లికూతుర్ని వదిలేసి అండా వెనక పరుగెత్తాడు.

"నేను పడినానా, లేచినానా అని చూడలే. అండాను మాత్రం వాటేసుకుని ఎక్కొచ్చినాడు మహానుభావుడు," అని నవ్వుతుంది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. తెల్లారి ఆ పొయ్యిలో పుల్ల వేసేటప్పుడు ఆమె చెయ్యి ఒకసారి ఆ సొట్టను తడుముతుంది.

ఇప్పుడు ఆ అండాకే ఎసరొచ్చింది.

దీనికంతా మూలం కొడుకు సీనప్ప పాటల పిచ్చి. పోయినేడు తక్కాళి పంట బాగా వచ్చిందని, అదే మన టమాటా, ధర్మపురికి పోయి టేప్ రికార్డరు తెచ్చాడు. దాని గొంతు చాలలేదని రెండు స్పీకర్లు కూడా తెచ్చాడు. ఆ పక్క స్పీకర్లకు చెక్కపెట్టెలు చేయించేవాళ్లు తక్కువ. కుమ్మరి సెంగోడన్ దగ్గర రెండు కుండలు తెచ్చి, ఒక్కో కుండ మూతి మీద ఒక్కో స్పీకరు కూర్చోబెట్టి, తీగ దూరేందుకు అడుగున మేకుతో బెజ్జం కొట్టాడు. పాట మొదలైతే ఇల్లంతా నిండిపోయేది. ఒకటే బాధ. డోలు దెబ్బ గట్టిగా పడినప్పుడల్లా ఎక్కడో తుమ్మెద దూరినట్టు 'గుర్ర్' మనేది. ఆ తుమ్మెద సీనప్ప బుర్రలోనే దూరింది. అన్నం తింటూ కూడా అదే మాట.

అప్పుడు దిగాడు గోవిందరాజ్, కోడలు సరసు తమ్ముడు. బెంగళూరులో రేడియో అంగడిలో పని. బస్సు దిగి కాళ్లయినా కడుక్కోకుండా సంచిలోంచి ఒక తీగచుట్ట తీశాడు. చిటికెనవేలంత లావు, పైన అద్దంలాంటి తొడుగు, లోపల రాగి తళతళ.

"ఇది పాట కోసమే చేసిన తీగ బావా. ఫారిన్ సరుకు. నీది తలుపు గంటకు వేసే తీగ, దాంట్లో పాట ఇరుక్కోని వస్తుంది. దీంట్లో అయితే వాగులో నీళ్లు మాదిరి జారుకోని వస్తుంది."

"ఆ గుర్రు పోతుందా?" సీనప్ప అడిగాడు.

"గుర్రు ఏమి బావా, పాడేవాళ్లు ఊపిరి పీల్చేది కూడా వినపడుతుంది."

"ఊపిరి పీల్చేది వినేదానికా ఇంత దూరం మోసుకొచ్చినావు?" అంది మారమ్మ, చేటలో రాగులు చెరుగుతూ. "నీ బావ పడుకుంటే ఊరికే వినపడుతుంది కదరా."

సరసు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గోవిందరాజ్ కూడా నవ్వి, ఆ నవ్వులోనే అసలు మాట జార్చాడు. అతని యజమానికి పాత రాగి సామాన్లంటే మోజట. బంగళాలవాళ్లు వాటిని తోమించి, మొక్కలు పెట్టి ముందుగదిలో ఉంచుకుంటారట. మంచి అండా ఒకటి తెస్తే ఈ చుట్ట మొత్తం నీదే అన్నాడట.

"రాగికి రాగి అత్తా. సరికి సరి."

"మొక్క పెడతారా? నా అండాలోనా?"

సీనప్ప తల వంచుకునే అన్నాడు. "అది కాదమ్మా, ఇప్పుడు కరెంటు కడ్డీలు వచ్చినాయి. బకెట్లో పెడితే నీళ్లు కాగిపోతాయి. పొగలో నీకేంటికి కష్టం?"

మారమ్మకు మనసు చివుక్కుమంది. కొడుకు చెడ్డవాడు కాదు. ఆ తుమ్మెద వాడిని అంతగా కరుస్తోంది, అంతే. ఏడిస్తే వాడు అండా ఇవ్వడు. కానీ ఆ గుర్రు వినబడినప్పుడల్లా అమ్మ వల్లనే అనుకుంటాడు. ఏడుపుతో నిలబెట్టుకున్న అండాలో నీళ్లు కాచుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఇంకో మాట కూడా ఉంది. ఆ రెండు కుండల్లో ఎడమదాని మీద ఆమెకు ఎప్పట్నుంచో అనుమానం. అడక్కుండా ఏం చెబుతామని ఊరుకుంది.

"సరి. తీగ బాగుంటే అండా తీసుకోని పో. కానీ బాగుందని నీ నోరు చెబితే చాలదు. నీ చెవి చెప్పాల," అంది.

పందెం ఆమే కట్టింది. రెండు కుండలకూ పాత తీగ, కొత్త తీగ రెండూ బిగించి ఉంచాలి. టేప్ రికార్డరు వెనక కొసలు మారిస్తే ఏది కావాలంటే అది పలుకుతుంది. కొత్త తీగ లావుకు సీనప్ప కొట్టిన బెజ్జం చాలలేదు, మూతి అంచు మీదుగానే వేశారు. దండెం మీద సరసు చీర అడ్డం కట్టారు. మగవాళ్లిద్దరూ అవతల గోడకేసి తిరిగి కూర్చోవాలి. ఒకే పాట, ఒకే ముక్క, ఏడుసార్లు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పాలి.

"ఏడింటికి ఆరు చెబితే అండా నీది."

"ఏడుకు ఏడూ చెబుతాను అత్తా. అండా తోమి పెట్టు."

"నువ్వేది వేస్తావో ఎట్ల తెలిసేది? నా మీద పగతో ఒకటే వేస్తే?" అన్నాడు సీనప్ప.

"నేను వేసేది కాదురా. గింజ వేస్తుంది." మారమ్మ ఏడు చింతగింజలు తీసి, రాతి మీద ఒక్కోదాన్ని ఒకవైపు అరగదీసింది. అష్టాచెమ్మాకు, బారాకట్టకు ఆడవాళ్లు అరగదీసే మాదిరే. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. "తెలుపు పడితే కొత్తది. నలుపు పడితే పాతది. గింజకు నీ మీద పగ లేదు కదా?"

గోవిందరాజ్ ఆమెకు కొసలు మార్చడం చూపించాడు. చిక్కుడు తీగలు పందిరికి కట్టిన చేతులకు అదెంత పని! చీర వెనక అత్తాకోడళ్లిద్దరూ కూర్చున్నారు. ఒక్కోసారికి ఒక్కో గింజ నేల మీద టక్కున పడేది. తీగ మార్చాల్సి వచ్చినా రాకపోయినా మారమ్మ ఒకేలా కాసేపు కొసలు గెలికి, ఒకేలా దగ్గేది, శబ్దాన్ని బట్టి కనిపెట్టకుండా. సరసు మీట నొక్కేది.

"పాతది! మురికిగా ఉంది," అన్నాడు గోవిందరాజ్.

"కొత్తది కదరా?" అన్నాడు సీనప్ప.

"బావా, నువ్వు సుమ్మా ఊరుకో. నాది అనుభవం."

"అయితే నాది చెవి కాదా?"

మూడోసారి, నాలుగోసారి కూడా తెలుపే పడింది. తీగ మార్చనే లేదు. అవతల్నుంచి గోవిందరాజ్, "ఆహా, ఇదీ తేడా! ఇంతకుముందు వేసింది పాతదే. ఇది చూడు, వాగు!" అన్నాడు. సరసు నోట్లో కొంగు కుక్కుకుంది. మారమ్మ కోడలి తొడ మీద ఒక్కటి గిల్లింది.

ఏడూ అయ్యాక చీర తీశారు. చేటలో ఏడు గింజలు వరసగా పేర్చి ఉన్నాయి, పడ్డవి పడ్డట్టు. ఎవరేమన్నారో సరసు ఒక్కటి మరవకుండా అప్పజెప్పింది. గోవిందరాజ్ మూడు చెప్పాడు. అనుభవం లేని సీనప్ప నాలుగు.

గోవిందరాజ్ ముఖం చూస్తే మారమ్మకే జాలేసింది.

"నడిమధ్యలో ఆవు అరిచింది అత్తా," అన్నాడు పాపం.

"అరిచింది నాయనా, అరిచింది. సీనా, నువ్వు చెప్పు. ఆ గుర్రు ఉందే, అది ఏ తీగలో వచ్చింది?"

సీనప్ప ఆలోచించాడు. "రెండిట్లోనూ వచ్చిందమ్మా."

"అట్ల రా దారికి."

మారమ్మ లేచి, కుడి కుండ మీది స్పీకరు తీయించి వేలి మెటికతో కొట్టింది. కంగున పలికింది. ఎడమదాన్ని కొట్టింది. జలుబు చేసినవాడు మాట్లాడినట్టు బొంగురుగా పలికింది. తిరగేసి చూపించింది. మేకు బెజ్జం దగ్గర్నుంచి వెంట్రుకంత బీట పైకి పాకి ఉంది.

"సెంగోడన్ ఇచ్చినప్పుడు బాగానే ఉండింది. నువ్వు మేకు కొట్టినావు చూడు, అప్పుడు పోయింది. తీగ మూతి మీద నుంచి పోదా? కొత్త తీగ పోలేదా?"

"తెలిసి ఇన్నాళ్లు చెప్పలేదేమ్మా?"

"నన్నెవరు అడిగినారు? కరెంటు సంగతి ముసలిదానికేమి తెలుసని కదా మీ లెక్క!"

వంటింట్లోకి పోయి ఆమె తన మజ్జిగ కుండ తెచ్చింది. పన్నెండేళ్లనాడు సెంగోడన్ కుండలు కాల్చే ఆవం దగ్గర నలభై కుండలు కొట్టి చూసి, వాడు తిట్టుకుంటుంటే ఏరుకున్న కుండ. మజ్జిగ తాగి తాగి నల్లగా, నున్నగా అయింది. బాగా కడిగి, ఎండలో ఆరబెట్టి, మూతికి గుడ్డచుట్ట వేసి, ఎడమ స్పీకరు దీని మీద పెట్టమని ఇచ్చింది.

"అత్తా, రేపట్నుంచి మజ్జిగ దేంట్లో?" సరసు అడిగింది.

"ఇంకో కుండ కొట్టి చూసి తెచ్చుకుందాంలే. కుండలు ఎన్ని దెబ్బలు తిన్నా సెంగోడన్ అమ్మకుండా ఉంటాడా?"

ఆ సాయంత్రం అండాలో నీళ్లు కాచి, "ముందు బిడ్డ నీళ్లు పోసుకోనీ," అని గోవిందరాజ్‌ను పెరట్లోకి తోసింది మారమ్మ. లోపల సీనప్ప పాట పెట్టాడు. డోలు దెబ్బ పడింది. తుమ్మెద లేదు. దెబ్బ నేరుగా వచ్చి పొట్టలో తగిలింది. సీనప్ప లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. అమ్మ భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

పెరట్లోంచి నీళ్ల చప్పుడుతో కలిసి గోవిందరాజ్ కేక వినబడింది. "చూస్తివా అత్తా! ఇప్పుడు వచ్చింది చూడు సౌండు! నా తీగ పెట్టినారు కదా?"

మారమ్మ టేప్ రికార్డరు వెనక్కి వంగి చూసింది. ఉన్నది పాత గంట తీగే. సీనప్ప నోరు తెరవబోతే కళ్లతోనే ఆపింది.

"అవును నాయనా, వాగు మాదిరి ఉంది," అంది పెరట్లోకి వినబడేలా. "నీళ్లు చల్లారకముందే పోసుకో. సొట్ట పక్కన చెయ్యి పెట్టబాక, కాలుతుంది."