రొట్టె మీద పంటిగాటు

కొండ మీది మేత ముగిసి గొర్రెలు కిందికి దిగాక తోర్లైవ్ మొదట చేసే పని వాటి నోళ్ళు చూడడం. ఒక్కొక్కదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు. పళ్ళు బాగున్నది చలికాలమంతా కొట్టంలో ఎండుగడ్డి తింటుంది. బాగాలేనిది కబేళా బండెక్కుతుంది. మాటలతో అవసరంలేని పని కాబట్టి అతనికి ఇష్టం. ఈ ఏడు ఎడమ భుజం సరిగా లేవక, గొర్రెల్ని పట్టి ఇవ్వడానికి కూతురు గున్‌వోర్‌ని పిలుచుకున్నాడు.

గున్‌వోర్‌కి పద్నాలుగేళ్ళు. పై వరసలో ఎడమ కోరపన్ను ఇంకా రాలేదు. అది అంగిలి ఎముకలో ఏటవాలుగా పడుకుని ఉందని పళ్ళ డాక్టరు సిన్నొవె ఎక్స్‌రేలో చూపించింది. చిగురు కోసి, ఆ పన్నుకు సన్నటి బంగారు గొలుసు అంటించి, రెండో కొసను పక్క పళ్ళ మీది తీగకు కట్టారు. నెలనెలా ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్తే డాక్టరు ఆ గొలుసును ఇంకాస్త బిగిస్తుంది. వచ్చే మే నెలలో చర్చిలో గున్‌వోర్ కన్ఫర్మేషన్, ఆ ఈడు పిల్లలు అందరి ముందూ తమ విశ్వాసాన్ని చాటే వేడుక. ఊరంతా వస్తుంది, ఫోటోలు తీస్తారు. అప్పటికి పన్ను దిగాలన్నదే ఆ పిల్ల కోరిక. అందాకా నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు అడిగేది. "ఎలా ఉంది? ఏమైనా తేడా తెలుస్తోందా?"

"బాగానే ఉంది," అనేవాడు తోర్లైవ్. గున్‌వోర్ తలూపేది.

ఆ ఇంట్లో దేనికైనా అదే జవాబు. కోసిన గడ్డి వానకు కుళ్ళినా బాగానే ఉంది, పక్కటెముక విరిగినా బాగానే ఉంది. నొప్పిని తలుచుకుంటే దానికి అలుసిచ్చినట్టేనని వాళ్ళ నమ్మకం.

మధ్యాహ్నం ఇద్దరూ కొట్టం గోడకి ఆనుకుని రొట్టెలు విప్పారు. ఇంతలో ఒక గొర్రె తడిక సందులోంచి జారుకుంది. గున్‌వోర్ తింటున్న రొట్టెను బండ మీద పెట్టి దాని వెంట పడింది. తోర్లైవ్ చూపు ఆ రొట్టె మీద ఆగింది. గోధుమరంగు చీజ్ మీద పంటిగాటు. ఒక పక్క కత్తితో కోసినట్టుంది. రెండో పక్క చీజ్ నాలుకలా సాగి మిగిలిపోయింది. అక్కడ పై పళ్ళు కింది పళ్ళను అందుకోలేదు.

గున్‌వోర్ గొర్రెను ఈడ్చుకుంటూ వచ్చింది.

"నోరు తెరువు," అన్నాడు.

"నేనేమైనా గొర్రెనా?"

"తెరువమ్మా."

తెరిచింది. కోరపన్ను దిగలేదు సరికదా, దానికి అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళు రెండూ పైకి పోయాయి.

"ఎప్పట్నుంచి?"

"వేసవి నుంచి."

"చెప్పలేదేం?"

"నువ్వు బాగానే ఉందన్నావుగా." గున్‌వోర్ గొర్రె వీపు మీది ముళ్ళు ఏరుతూ గొంతు తగ్గించింది. "చెబితే లాగడం ఆపేస్తారని భయమేసింది నాన్నా. ఆపేస్తే మే నెలకి రాదు."

తోర్లైవ్ వేసి ఉన్న తడికనే ఇంకోసారి వేశాడు.

మర్నాడే ఫెర్రీ ఎక్కారు.

"ఎలా ఉంది?" అంది డాక్టరు ఎప్పటిలాగే.

"బా..." అని తోర్లైవ్ ఆగిపోయి కూతురి వైపు చూశాడు.

"బాగాలేదు," అంది గున్‌వోర్. "రొట్టె తెగట్లేదు."

డాక్టరు నోరంతా చూసి, కొత్త ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టింది. "పన్ను ఎముకకు అతుక్కుపోయింది. తోర్లైవ్, లంగరు రాళ్ళలో చిక్కుకున్నాక కూడా తాడు లాగుతూ పోతే ఏమవుతుంది?"

"లంగరు రాదు. పడవ ముక్కే నీళ్ళలోకి దిగుతుంది."

"ఇక్కడ జరిగిందీ అదే. పక్క పళ్ళే పడవ. పోయిన నెలే నాకు అనుమానం వచ్చింది. ఇంకో నెల చూద్దామనుకున్నాను, అలా ఆగకుండా ఉండాల్సింది. ఇవాళే గొలుసు వదిలేస్తాను. పక్క పళ్ళను మళ్ళీ వాటి చోటికి తెచ్చుకోవచ్చు. ఆ పన్నును మత్తిచ్చి ఒకసారి మెల్లగా కదిపి చూస్తాం. విడిస్తే మళ్ళీ లాగుదాం. విడవకపోతే తీసేసి పెట్టుడు పన్ను పెట్టాలి. ఏదైనా గానీ, గున్‌వోర్, మే నెలకి మాత్రం కాదమ్మా."

గున్‌వోర్ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. తోర్లైవ్ ఆ పిల్ల బూటు మీద చెయ్యి వేశాడు. కూర్చున్న చోటునుంచి అతనికి అందింది అదే.

తిరుగు ఫెర్రీలో వెన్న, పంచదార రాసిన వేడి అట్లు కొన్నాడు. గున్‌వోర్ ఒక చేత్తో అట్టు, ఒక చేత్తో పాల కప్పు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఒక ముక్క కొరికి, తండ్రి చూపు ఎక్కడుందో గమనించింది.

"మళ్ళీ చూస్తున్నావు."

"అలవాటు."

"ఏం తేల్చావు మరి? చలికాలానికి ఉంచుకుంటావా, బండెక్కిస్తావా?"

"ఉంచుకుంటాలే. తిండే కాస్త ఎక్కువ."

గున్‌వోర్ నవ్వింది. చేతులు రెండూ ఖాళీ లేవు, అడ్డం పెట్టుకోలేదు.

"నీ సంగతేంటి నాన్నా? నిన్నంతా ఆ చెయ్యి ఎత్తలేదు."

"బాగానే..." అని మొదలుపెట్టి, తోర్లైవ్ కిటికీలోంచి దగ్గరపడుతున్న రేవు వైపు చూశాడు.

"భుజం," అన్నాడు. "వేసవి నుంచి."