పెళ్లి డిస్కులో లేని ఆట

కోదాడ జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేస్తున్న వినోద్ 2010 వేసవిలో పెద్ద హెచ్‌డీ టీవీ కొన్నాడు. పాత క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కించుకోవడానికి హైదరాబాదు నుంచి డీవీడీ రికార్డరు కూడా తెప్పించాడు. కాలేజీలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

"అయితే ఆదివారం మీ పెళ్లి చూడ్డానికి వస్తామండీ" అంది తోటి లెక్చరరు వసంత.

శనివారం వీసీఆర్‌ను రికార్డరుకు కలిపి, పెళ్లి క్యాసెట్టు పెట్టి, రిమోటు పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లి పాలకీడు దగ్గర తమ తండాలోనే జరిగింది. క్యాసెట్టు సగానికి వచ్చేసరికి, అద్దాల రవికెలు తొడుక్కున్న ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడటం మొదలైంది. ముందు తల్లి రంగి, ఆ పక్కనే పిన్ని సాలి. రేపు ఇక్కడ కూర్చోబోయే వాళ్ల ముఖాలు వినోద్ కళ్లముందు మెదిలాయి. రికార్డింగు ఆగేలా పాజ్ నొక్కాడు. ఆట పూర్తయ్యాక మళ్లీ రికార్డింగు మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున రంగి బస్సు దిగి వచ్చింది. భార్య సుధ ఫోన్ చేసి చెప్పిందట. వద్దనలేకపోయాడు.

మధ్యాహ్నం వసంతా, మరో రెండు కుటుంబాలవాళ్లూ వచ్చారు. వెడల్పాటి తెర మీద పాత బొమ్మ సాగి, పెళ్లికొడుకు లావుగా కనిపిస్తే అందరూ నవ్వారు. రంగి కింద కూర్చుని వసంత మోకాలు తట్టింది.

"ఇగ వస్తది సూడమ్మా, మా ఆట."

ఆట రాలేదు. తలంబ్రాల తర్వాత ఒక్కసారిగా భోజనాలు వచ్చాయి.

"ఏదమ్మా మీ ఆట?" అంది వసంత.

"క్యాసెట్టు అక్కడ పాడైపోయిందండీ" అన్నాడు వినోద్.

"పాత క్యాసెట్టు గదమ్మా. వాడు మాత్రం ఏం జేస్తడు?" రంగి వెంటనే కొడుకును వెనకేసుకొచ్చింది.

ఆ మాటకు వినోద్ తల దించుకున్నాడు.

అందరూ వెళ్లాక రంగి దగ్గరికొచ్చింది. "బిడ్డా, ఆ క్యాసెట్టే ఒకసారి పెట్టు. గీతలొచ్చినా మంచిదే. సాలి జరంత కనబడ్తదేమో. పోయిన్నాటి నుంచి దాని మొకం గుర్తు తెచ్చుకుందామంటే సక్కగ యాదికి రావట్లే."

పోయినేడు సాలి జ్వరంతో చనిపోయింది. ఆమె ఫోటో ఎవరి దగ్గరా లేదు. వినోద్ ఏవో సాకులు వెతికాడు గానీ, అప్పటికే సుధ క్యాసెట్టు వీసీఆర్‌లో పెట్టేసింది.

బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఒక్క గీత లేదు. సాలి తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. రంగి తెర వంక చూసింది, తర్వాత కొడుకు వంక చూసింది.

"మంచిగనే ఉంది గదరా."

"నేనే తీసేసిన, యాడీ" అన్నాడు తల్లితో. ఎందుకని ఆమె అడగలేదు.

"మల్లొక్కసారి పెట్టు" అంది, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

మరుసటి వారం వినోద్ క్యాసెట్టంతా డిస్కులోకి ఎక్కించి, ప్లేయరుతో సహా తండాకు తీసుకెళ్లాడు. రంగి దాన్ని చుట్టుపక్కల వాళ్లందరికీ చూపించి మురిసిపోయింది. కోడలినీ కొడుకునూ ఎప్పటిలాగే ప్రేమగా చూసుకుంది. కానీ ఆ తర్వాత కోదాడ వచ్చినప్పుడల్లా, బయటివాళ్ల గొంతు వినబడగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. "కూసో యాడీ" అని వినోద్ ఎంత బతిమాలినా, "పనుంది బిడ్డా" అనేది.