పెద్దిరాజుగారి లంక తాడు

పెద్దిరాజుగారు పోయి పదేళ్ళు దాటినా, కొవ్వూరులో ఆయన పేరు ఎత్తితే ముందు తాడు మాటే వచ్చేది. గోదావరి నడుమ ఉన్న లంక ప్రతి వరదకూ ఒళ్ళు మార్చుకుంటుంది. ఒక పక్క కోసుకుపోతే మరో పక్క మేట వేస్తుంది. గట్లు నిలవవు, హద్దురాళ్ళు నిలవవు. అందుకని వరద తీశాక ఆ నేలను తాడుతో కొలిచి మళ్ళీ పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. ఎగువ భాగం రైతులకు, దిగువ భాగం చేపలు పట్టుకుని బతికే కుటుంబాలకు. లంక సొసైటీ ప్రెసిడెంటుగా ఆ కొలత చాలా కాలం పెద్దిరాజుగారి చేతి మీదుగా జరిగింది. రెండు పక్షాలకూ ఒకే తాడు, ఒకే లెక్క. ‘ఒకే తాడు పెద్దిరాజుగారు’ అన్న పేరు ఆయనకు అలా వచ్చింది. గోగునారతో పేనిన ఆ తాడు, రెండు కొసలా ఇత్తడి కడియాలతో, ఆయన ఇంటి హాల్లో మేకుకు వేలాడేది. దసరా ఆయుధపూజలో దానికీ కుంకుమ పెట్టేవారు.

ఆయన కూతురు సూర్యకళకు దాని గురించి మరో సంగతి తెలుసు. కొలతకు ముందటి సాయంత్రం తాడును పడవ అడుగున నిలిచిన నీళ్ళలో పడేసి ఉంచేవారు. గోగునార తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బిన తాడు పొట్టి అవుతుంది. తెల్లవారి ఆ తడితాడుతోనే చేపలవాళ్ళ వంతు కొలిచేవారు. భోజనాల వేళకు దాన్ని ఇసుక మీద ఎండకు సాగదీసి, ఆరాక రైతుల వంతు కొలిచేవారు. ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు. చుట్టూ నిలబడినవాళ్ళందరూ చూస్తూనే ఉండేవారు, తడికి తాడు తగ్గుతుందని మాత్రం ఎవరికీ తట్టేది కాదు. ఏటేటా దిగువన తగ్గిన నేల ఎగువన కలిసేది, ఎగువ నేలలో ముప్పాతిక పెద్దిరాజుగారిది. చిన్నప్పుడు తండ్రితో పడవెక్కి ఇదంతా చూసిన సూర్యకళకు, దాని అర్థం ఇరవయ్యో ఏట బోధపడింది. ఆ తరువాత ఆమె తండ్రి ఎదుట కూర్చుని అన్నం తినలేదు. బరోడాలో చిత్రకళ చదివి, విశాఖపట్నంలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది.

రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో ఆమె రాజమండ్రిలో ప్రదర్శన పెట్టింది. తాడు అడిగితే తమ్ముడు సుధాకర్ సంతోషంగా ఇచ్చాడు. అతను జిల్లా పరిషత్తుకు పోటీ చేస్తున్నాడు. ‘ఒకే తాడు, ఒకే న్యాయం’ అని కొవ్వూరు గోడలన్నీ రాయించుకున్న మనిషికి, అక్క చేతుల మీదుగా ఆ తాడు రాజమండ్రి దాకా వెళ్ళడం కలిసొచ్చిన సంగతి. తాడు అప్పటికే పీచులు రాలుతోంది. పాత వస్తువుల విషయంలో తనకు నేర్పినట్టే ఆమె దాని పురుగు దులిపి, అవిసె నూనె పూత మీద పూతగా పట్టించి, పైన వార్నిష్ వేసింది. దాన్ని హాలు మూడు గోడల చుట్టూ సాగదీసి బిగించింది. దాని కిందుగా, తాడు మొదలైన చోటే మొదలై దానికంటే రెండు మూరలు ముందే ఆగిపోయే నీలం గీత ఒకటి గీసింది. ‘ఒకే తాడు’ అన్న పేరు తప్ప మరొక్క అక్షరం రాయలేదు.

రెండో రోజు ఉదయం పెద్దింట్లమ్మ వచ్చింది. లంకలో దిగువ వంతు సాగుచేసిన ముసలయ్య భార్య ఆమె. భర్త పోయాక పడవా మడీ తనే చూసుకుంటోంది. గోడ వెంట తాడును చూసుకుంటూ నడిచి నీలం గీత ఆగినచోట ఆగింది.

“ఈ గీత ఏంటండి?”

“తాడు తడిసినప్పటి పొడవు.”

పెద్దింట్లమ్మ రెండు కొసల మధ్య మిగిలిన ఖాళీ గోడను అరచేత్తో తట్టింది. “అయితే మా మడి ఇక్కడుందన్నమాట. మా ఆయన ఏటేటా మొత్తుకునేవాడండి, మడి కురచయ్యిందని. గోదారి కోసేసిందిరా, నేనేం చెయ్యననేవారు మీ నాన్నగారు. ఈయన గోదార్ని తిట్టుకుంటానే పోయాడు. మీకెప్పట్నుంచి తెలుసండి ఇది?”

“ఇరవయ్యేళ్ళ వయసు నుంచి.”

“అప్పుడు చెప్పుంటే నేలొచ్చేది. ఇప్పుడు చెప్పారు, బొమ్మొచ్చింది.”

“ఎప్పుడు చెప్పినా నిజం నిజమే కదా పెద్దింట్లమ్మగారూ.”

“ఆయ్, నిజమేనండి. ఫ్యాను కింద చల్లగా కూడా ఉంది. ఒక్క పని చెయ్యండి. బకెట్టు నీళ్ళు తెప్పించి ఈ జనం ముందు తడిపెయ్యండి.”

“తడిపితే పాడైపోతుంది. బాగా పాతది.”

“మాకంటేనా అండి,” అని ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు పత్రికలో తాడు, దాని కింద గీత, ఫొటోగా పడ్డాయి. పెద్దింట్లమ్మ ఆ కాగితం పట్టుకుని, లంక హద్దుల విచారణ జరుపుతున్న అధికారి దగ్గరకు వెళ్ళింది. ఆ ఏడాది నుంచి ఏటేటా కొలత తీసేసి, ఉన్న హద్దుల మీదే అందరికీ ముప్పయ్యేళ్ళ లీజు రాసివ్వబోతున్నారు. పెద్దిరాజుగారి తరువాతా వంతులు ఆయన వేసిన లెక్క ప్రకారమే పడుతూ వచ్చాయి; కురచైన మడి ఇక కురచగానే ఉండిపోతుంది. అధికారి ఫొటో చూసి, ఆ తాడునే లంకకు తెప్పించి, పొడిగా ఒకసారీ తడిపి ఒకసారీ అందరి ఎదుటా కొలుస్తానన్నాడు. తేడా వస్తే కొత్తగా పంపకం, రాకపోతే పాత హద్దులే.

ఆ కబురు చేరిన మధ్యాహ్నమే సుధాకర్ హాల్లోకి వచ్చాడు.

“తాడు తియ్యి అక్కా. ఇంటికి పట్టుకెళ్తాను.”

“లంకకు తెమ్మన్నారు. లంకకే తెస్తాను.”

“ఎగ్జిబిషన్‌కని ఇచ్చాను నీకు. నాన్నగారి పరువు ఆరెయ్యడానికి కాదు.”

“తడిస్తే అదెంత తగ్గుతుందో చూద్దాం.”

సుధాకర్ నవ్వాడు. “బరోడా హాస్టలు ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా నీకు? లంక పొగాకు మీద. నీ రంగులూ బ్రష్షులూ ఆ దిగువ మడి మింగినవే. అది ఏ గోడ మీద గీశావు? చూపించు, చూసి పోతాను.”

సూర్యకళ తాడు మాత్రం ఇవ్వలేదు.

విచారణ నాటి ఉదయం ఆమె తాడు చుట్టను ఒళ్ళో పెట్టుకుని పెద్దింట్లమ్మ పడవలోనే లంకకు వెళ్ళింది. సుధాకర్ తన మనుషులతో లాంచీలో వచ్చాడు. అధికారి మొదట తాడును ఇసుక మీద పరిపించి, టేపుతో కొలిపించి, ఆ అంకె బిగ్గరగా చదివించాడు. తరువాత దాన్ని నీళ్ళలో వేయమన్నాడు.

తాడు మునగలేదు. చేమాకు మీద నిలిచినట్టు దాని మీద నీళ్ళు పూసలు పూసలుగా నిలిచి జారిపోయాయి. ఒక మనిషి కాలితో అదిమిపట్టాడు. అదిమిన కాలు తీయగానే తాడు పైకి తేలింది. ఆ పూసలను చూడగానే సూర్యకళకు తన నూనె పూత గుర్తొచ్చింది. నూనె నీటిని రానివ్వదని తెలియని మనిషి కాదామె. అయితే తన గోడకు ఎక్కిన నాటి నుంచి ఆ తాడు ఆమె దృష్టిలో ఒకప్పటి సంగతి అయిపోయింది. దానికి నీటితో ఇంకా పని ఉంటుందని, ఎవరి మడో దాని కోసం ఎదురుచూస్తోందని, పూత పట్టించిన ఆ రోజుల్లో ఒక్కసారైనా ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం దాకా నాననిచ్చి మళ్ళీ కొలిచారు. అదే అంకె.

“చూశారా?” అన్నాడు సుధాకర్ అధికారితో. “ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్నారండి మా నాన్నగార్ని.”

“నేను దానికి నూనె పట్టించాను,” అంది సూర్యకళ. “వార్నిష్ కూడా వేశాను. అందుకే నానలేదు. లేకపోతే తగ్గేది. నేను కళ్ళారా చూశాను.”

అందరూ ఆమె వైపు తిరిగారు. అందరికంటే ఆఖరున పెద్దింట్లమ్మ తిరిగింది.

“గోగునారతో కొత్త తాడు పేనించి తడిపి చూడండి,” అంది సూర్యకళ.

“కొత్త తాడు తగ్గితే మా నాన్నగారి తాడు తగ్గినట్టేంటండి?” అన్నాడు సుధాకర్.

అధికారి కొంచెం ఆలోచించాడు. “వేరే తాడు దీనికి సాక్ష్యం చెప్పదు మేడం. మీరు చూశానంటున్నారు కనుక మీ వాంగ్మూలం రాసుకుంటాను. ఎంత తగ్గేదండి?”

“రెండు మూరలు.”

“కొలిచారా?”

“లేదు. కళ్ళతో చూసిన గుర్తు. గోడ మీద గీశాను కదా.”

“గోడ మీద గీసిందే ఆధారమని రాయమంటారా?”

సుధాకర్ మనుషుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సూర్యకళ రాయమంది. తడితాడు సంగతీ, ఎండకు ఆరేసిన సంగతీ, తన చదువుకు పొగాకు డబ్బు వచ్చిన సంగతీ, నూనె పూత సంగతీ వరుసగా చెప్పి సంతకం చేసింది. సంతకం అయ్యేదాకా సుధాకర్ చూస్తూ నిలబడ్డాడు.

“ఇక మన గుమ్మం తొక్కకు,” అన్నాడు. తాడును తనే చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు. దసరా నాటికి దాని కింద అధికారి కొలిచిన అంకె కూడా ఫ్రేము కట్టించి పెడతాడని అక్కడున్న అందరికీ అర్థమైంది. లాంచీ వెళ్ళిపోయింది. వాంగ్మూలం ఫైలులో పెడతాననీ, హద్దులు మాత్రం పాతవేననీ చెప్పి అధికారీ వెళ్ళిపోయాడు.

పెద్దింట్లమ్మ పడవ తాడు విప్పుతోంది. సూర్యకళ ఇసుకలోనే నిలబడింది.

“మీ నాన్నగారు నీళ్ళలో ముంచి మా నేల పట్టుకెళ్ళారు,” అంది పెద్దింట్లమ్మ, తల ఎత్తకుండానే. “మీరు నూనెలో ముంచి ఆ నీళ్ళు కూడా పట్టుకెళ్ళారు. ఎవరు నయమో మీరే చెప్పండి.”

“చెప్పలేను.”

“మరి అక్కడ నిలబడి ఏం చూస్తారండి? ఎక్కండి, పొద్దుపోతోంది.”

ఆమె ఎక్కింది. నడి గోదావరిలోకి వచ్చేసరికి అడుగు చెక్కల సందుల నుంచి నీళ్ళు ఊరి చీర అంచు తడిసింది. పెద్దింట్లమ్మ తెడ్డు ఆపకుండానే కాలితో ఒక తగరపు డబ్బాను ఆమె వైపు తోసింది.

“ఊరికే కూచోకండి. తోడండి.”

సూర్యకళ డబ్బా అందుకుని నీళ్ళు తోడసాగింది. అవతలి ఒడ్డు చేరేదాకా తోడుతూనే ఉంది.