దండెం మీది జట్టు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కృపావతి మల్కాపురంలో తమ డాబా మీద జెర్సీలు ఉతికేది. పద్దెనిమిది ఆకుపచ్చ జెర్సీలు, చివర్న మొగుడు మ్యాచ్‌కి తొడుక్కునే తెల్ల చొక్కా ఒకటి. గాలికి వచ్చిపడే ఎర్ర దుమ్మును తిట్టుకుంటూ ఉతికి, జాడించి, పిండి, దండెం మీద నంబర్ల వరుసలో ఆరేసేది. అయిదయ్యేసరికి సందులో వాళ్ళంతా ఎవరి డాబా వాళ్ళు ఎక్కేవాళ్ళు. అప్పటికి బట్టలు ఆరి, మర్నాడు మ్యాచ్ ఆడబోయే పదకొండు మంది జెర్సీలూ వాళ్ళ వాళ్ళ ఒళ్ళు ఎలా ఉంటే అలా నిండేవి.

గాలికి కాదు. ఉక్కపోసి ఆకు కదలని రోజున కూడా నిండేవి. గోల్‌కీపరు గోపి జెర్సీ రెండు చేతులూ బార్లా చాపుకునేది. ఫార్వర్డు వీర్రాజుది రొమ్ము విరుచుకుని నిలబడేది. మిగతా ఏడూ మామూలు బట్టల్లా వేలాడేవి. నిండినవాళ్ళు ఆడతారు, వేలాడినవాళ్ళు బెంచీ మీద కూర్చుంటారు. యంగ్ బ్రదర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు పన్నెండేళ్ళుగా అలాగే నడిచింది. ఈ సంగతిలో పేచీ ఉన్నదల్లా పక్కింటి చిట్టమ్మకే. ఆ డాబాకీ ఈ డాబాకీ కలిపి కట్టిన దండెం కావడంతో శనివారాలు ఆమె చీరలకి చోటు దొరికేది కాదు.

కృపావతి మొగుడు దేవదానం ఆ క్లబ్బుకి కోచ్. పోర్టులో క్రేన్ నడిపే ఉద్యోగం. కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేని మనిషి. చర్చిలో ప్రసంగం సగంలో ఉండగానే బయటికొచ్చి చెప్పులు వెతుక్కునే రకం. కోచ్ అన్న మాటేగానీ అతని పని రెండే ముక్కలు. శనివారం దండెం చూసి పదకొండు పేర్లు కాగితం మీద రాసుకోవడం, ఆదివారం గ్రౌండు గీత పక్కన నిలబడి ముందుకెళ్ళమని గొంతు పోయేలా అరవడం. లీగు పోటీల్లో కింది తరగతి అయిన బి డివిజన్‌లో ఆ రెండూ సరిపోయాయి. తొంభై ఏడులో మొదటి స్థానం కొట్టి, ఎ డివిజన్‌కి ఎక్కేశారు. ఆ రోజు మల్కాపురం మెయిన్ రోడ్డు మీద అతన్ని భుజాల మీద మోశారు.

మోసినవాళ్ళే మర్నాటి నుంచి లెక్కలు వేయడం మొదలెట్టారు. ఎ డివిజన్‌లో పది జట్లు. ఆఖరి రెండూ కిందికి దిగిపోతాయి. టీ కొట్ల దగ్గర, షిఫ్టు బస్సుల్లో, చేపల బజార్లో ఒకటే గోల. ఒక్క ఏడాదికే దిగిపోతారని కొందరు, రెండేళ్ళు లాగుతారని కొందరు. దిగిపోతే మళ్ళీ ఎక్కడానికి ఇంకో పన్నెండేళ్ళు పడుతుందేమోనని దేవదానం భయం. అప్పటికే అతనికి నలభై ఎనిమిది. ఆ భయం పొట్టలో పెట్టుకుని క్రేన్ ఎక్కేవాడు, దిగేవాడు, అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు.

ఎ డివిజన్ మొదటి మ్యాచ్‌కే పెద్ద తప్పు జరిగింది. పెద్దవాళ్ళ మధ్యకి వెళ్తున్నాం కదా, బట్టలు పెళపెళలాడాలన్నాడు దేవదానం.

"గంజెట్టు కృపా. టౌనోళ్ళు మనల్ని సూసి మూటలోంచి తీసిన బట్టలేసుకొచ్చారనుకోకూడదు."

కృపావతి చిక్కటి గంజి పట్టించింది. సాయంత్రానికి పద్దెనిమిది జెర్సీలూ బిర్రబిగుసుకుని, చేతులు చాపుకుని నిలబడ్డాయి. ఏది నిండిందో, ఏది గంజికి నిలబడిందో దేవుడికే తెలియాలి. చిట్టమ్మ తన డాబా మీంచి ఒక్కొక్కదాన్నీ వేలితో పొడిచి చూసింది. అన్నీ ఒకేలా టకటకమన్నాయి. మళ్ళీ ఉతికి ఆరేసే టైము లేదు. దేవదానం పన్నెండేళ్ళలో మొదటిసారి సొంత బుర్రతో పదకొండు పేర్లు రాశాడు. కంచరపాలెం వాళ్ళు ఆరు గోల్స్ కొట్టారు.

ఆ తర్వాత గంజి మాట ఎత్తలేదు. దండెం మళ్ళీ నిజం చెప్పడం మొదలెట్టింది. కాకపోతే అది చెప్పిన నిజం ఒకటి ఎవరికీ మింగుడు పడలేదు. యోహాన్ తొమ్మిదో నంబరు జెర్సీ నిండడం మానేసింది.

యోహాన్ కృపావతి తమ్ముడు, జట్టు కెప్టెన్. ముప్ఫై అయిదేళ్ళవాడు. జట్టుని పైకెక్కించిన గోల్స్‌లో సగం అతనివే. పంతొమ్మిదో ఏట గ్రౌండులో పడి మెడ కింది ఎముక విరిగితే, అది అతికినప్పటి నుంచి కుడి భుజం రెండంగుళాలు దిగి ఉంటుంది. దండెం మీద ఆ వంకర భుజం కనిపిస్తే సందులో పిల్లలు ఈలలు వేసేవాళ్ళు. ఎ డివిజన్‌కి ఎక్కాక ఒక్క శనివారం కూడా ఆ భుజం కనిపించలేదు. మిగతావి ఆరిపోయినా తొమ్మిదో నంబరు నీళ్ళోడుతూ, తడి గోనెసంచిలా వేలాడేది. నాలుగు వారాలు యోహాన్ డాబా మీదికొచ్చి చూసి దిగిపోయాడు. అయిదో వారం నుంచి రావడం మానేశాడు.

బెంచీ మీద మాత్రం నోరు ఊరుకునేది కాదు. మ్యాచ్ నడుస్తుంటే లేచేవాడు, కూర్చునేవాడు, మళ్ళీ లేచి బావ చెవి దగ్గరికొచ్చేవాడు.

"బావా, ఒక గోలు ముందున్నాం గదా. ఈర్రాజుని ఎనక్కి పిలు. మద్దిలో కాళీ అయిపోతంది."

"నువ్వు ఆటగాడివి. ఆడమంటే ఆడు, లేపోతే కూకో."

"ఆడమన్నావేటి నన్ను? కూకోమన్నావు. కూకుంటే కనబడతంది మరి."

దేవదానం ఇంకా గట్టిగా ముందుకెళ్ళమని అరిచేవాడు. జట్టంతా ముందుకెళ్ళేది, ఆఖరి పది నిమిషాల్లో వెనక నుంచి గోలు పడేది. మూడు మ్యాచ్‌లు అలా చేజారాయి. దేవదానానికి రిఫరీ మీద కోపం, ఎండ మీద కోపం, గోపి మీద కోపం. కృపావతి ఒకరోజు కూర వడ్డిస్తూ, "మా తమ్ముడు సెప్పింది ఒక్కసారి ఇంటే తప్పేటండీ" అంది. "నువ్వు బట్టలుతుకు" అనేశాడు. అన్నాక సిగ్గేసింది గానీ, సిగ్గుపడ్డట్టు కనిపించడం అతనికి చేతకాదు. కృపావతి రెండు రోజులు మాట్లాడలేదు.

ఎనిమిది మ్యాచ్‌లయ్యాయి. ఆఖరి మ్యాచ్ భీమిలి జట్టుతో. గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు, ఎ డివిజన్‌లో నిలబడతారు. ఓడితే దిగిపోతారు. భీమిలి వాళ్ళు ఇసకలో పరిగెత్తి పెరిగిన కుర్రాళ్ళు, ఖాళీ దొరికితే గాలికన్నా ముందుంటారు. ఆ వారమంతా దేవదానం నిద్రలో కూడా కాళ్ళాడించాడని కృపావతి చెప్పింది.

శనివారం అయిదింటికి డాబాలన్నీ నిండాయి. దేవదానం కాగితం, పెన్ను పట్టుకుని దండెం పొడుగునా నడిచాడు. గోపి ఉన్నాడు. వీర్రాజు ఉన్నాడు. పదకొండూ లెక్క సరిపోయాయి. తొమ్మిదో నంబరు ఎప్పట్లాగే నీళ్ళోడుతోంది. పేర్లు రాసి కాగితం మడుస్తుంటే చిట్టమ్మ పిలిచింది.

"దేవదానం బావా, నీ సొక్కా సూసుకున్నావేటి?"

తన చొక్కాని అతనెప్పుడూ చూసుకోలేదు. ఎందుకు చూస్తాడు? పన్నెండేళ్ళుగా ప్రతి శనివారం అది దండెం చివర్న అతని బొజ్జతో, జారిన భుజాలతో నిండుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. చొక్కా నిండే ఉంది. కానీ బొజ్జ లేదు. కడుపు లోపలికి ఉంది, ఛాతీ వెడల్పుగా ఉంది, కుడి భుజం రెండంగుళాలు కిందికి దిగి ఉంది.

సందులో ఎవరూ ఈల వేయలేదు. ఒక్కొక్కరే డాబాలు దిగిపోయారు.

దేవదానం చొక్కా కడుపు దగ్గర చెయ్యి పెట్టి నొక్కాడు. అది మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది, లొంగలేదు. ఇంత అవమానం జీవితంలో పడలేదనిపించింది. తన ఇంటి డాబా, తన పెళ్ళాం ఉతికిన చొక్కా, తన చేత్తో పెంచిన క్లబ్బు.

"గంజుందా ఇంట్లో?" అని అడిగాడు.

కృపావతి అతన్ని తేరిపార చూసింది. "ఉంది. ఇందాకే వార్చాను. పెట్టమంటే పెడతాను."

ఆమె కిందికి మాత్రం వెళ్ళలేదు. దేవదానం పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఆరు గోల్స్ మ్యాచ్ గుర్తొచ్చింది, చేజారిన మూడు మ్యాచ్‌లూ గుర్తొచ్చాయి, చెవి దగ్గర సణిగిన యోహాన్ మాటలు ఒక్కటీ పొల్లు పోకుండా గుర్తొచ్చాయి. వీధి దీపాలు వెలిగే వేళకి లేచి, క్లిప్పులు తీసి, చొక్కా మడత పెట్టుకుని మెట్లు దిగాడు.

యోహాన్ ఇల్లు నాలుగిళ్ళ అవతల. గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుస్తున్నాడు. బావ చేతిలో తెల్ల చొక్కా చూసి, "ఏటది?" అన్నాడు.

"ఇది నీ ఒళ్ళు పోసుకుంది. అందరూ సూసారు."

యోహాన్ బూటు పక్కన పెట్టాడు.

"నా తొమ్మిదో?"

"ఇంకా నీళ్ళోడతంది."

"నాకిదొద్దు బావా. నాను ఆడాల. ఇది తొడిగితే మరింక ఆడను."

"నాకు మాత్రం ఇయ్యాలనుందేటిరా?" అన్నాడు దేవదానం. "ఒగ్గేసి ఎల్లలేక సచ్చిపోతన్నాను. తీసుకో బేగి."

యోహాన్ చొక్కా తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడుపు చొక్కా దొరికినందుకు కాదని దేవదానానికి తెలుసు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

ఆదివారం నాలుగింటికి మ్యాచ్ మొదలైంది. దేవదానం మొదటిసారి గ్రౌండు చుట్టూ కట్టిన తాడుకి ఇవతల జనంలో, కృపావతి పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబుల్లో పెట్టాడు, కట్టుకున్నాడు, తాడు పట్టుకుని ఊపాడు. యోహాన్ అరవడం లేదు. తెల్ల చొక్కాలో గీత పక్కన నిలబడి, అవసరమైనప్పుడు ఒక్కడి పేరు పిలిచి చేత్తో చోటు చూపిస్తున్నాడు. హాఫ్ టైమయ్యాక వీర్రాజుని మధ్యకి లాగేశాడు. భీమిలి కుర్రాళ్ళకి పరిగెత్తడానికి ఖాళీ దొరకడం లేదు. ఇంకా ఎవరికీ గోలు పడలేదు.

ఇరవై నిమిషాలుందనగా దేవదానం వల్ల కాలేదు. జట్టు అలా వెనక్కి నిలబడితే అతనికి ఊపిరాడదు. ముందుకెళ్ళమని అరిచాడు. పన్నెండేళ్ళుగా విన్న గొంతు కదా, వీర్రాజు తెలియకుండానే నాలుగడుగులు ముందుకేశాడు. అతను వదిలిన చోటులోంచి భీమిలి కుర్రాడొకడు దూసుకొచ్చి కొట్టాడు. గోపి ఎగిరాడు, అందలేదు. బంతి గోలు కర్రకి తగిలి బయటికి పోయింది.

యోహాన్ తిరిగి జనం వైపు చూశాడు. కోప్పడలేదు. చూశాడంతే.

తను ఆ గీత పక్కనే ఉండి ఉంటే ఈ మ్యాచ్ ఎప్పుడో చేజారిపోయేదని దేవదానానికి అర్థమైంది. ఇక్కడే ఉంటే మళ్ళీ అరుస్తాడని కూడా అర్థమైంది. తన నోటి సంగతి తనకి తెలుసు. జనాన్ని తోసుకుంటూ గేటు దాటి, రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ప్రహరీ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆనందపురం బస్సు ఒకటి వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. గోడ అవతల జనం ఓహో అన్నప్పుడల్లా చెవి రిక్కించేవాడు. అది ఎవరి ఓహోనో గోడ చెప్పదు. ఆ ఇరవై నిమిషాలూ అతను కదలకుండా నిలబడ్డాడు. పుట్టాక అంతసేపు ఒక్కచోట నిలబడింది అదే.

ఈల మోగింది. కృపావతి పరిగెత్తుకుంటూ గేటులోంచి వచ్చింది.

"సున్నా సున్నా" అంది. "ఉండిపోయామండీ."

అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు, అయినా కళ్ళు ఆగలేదు. సంతోషమే. దానికింద ఇంకోటి కూడా ఉంది, దాన్ని కృపావతి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ఇద్దరూ లోపలికి వెళ్ళేసరికి కుర్రాళ్ళు యోహాన్‌ని భుజాల మీంచి దింపుతున్నారు. రిఫరీ అట్ట మీద మ్యాచ్ కాగితం పెట్టుకుని సంతకం కోసం చూస్తున్నాడు. ఎప్పుడూ పెట్టేవాడు దేవదానం కాబట్టి అట్ట అతని వైపే చాచాడు. దేవదానం జేబులోంచి పెన్ను తీశాడు. తీసి యోహాన్‌కి ఇచ్చాడు.

యోహాన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడెట్టాల బావా?"

"కింద" అన్నాడు దేవదానం, వేలు పెట్టి చూపిస్తూ. "కోచ్ అని రాసున్న కాడ."